ఎరువు సొమ్ము

తెలుగులో ‘ఎరువు’ అనే మాటకు రెండర్థాలున్నవి. ఒకటి అందరికీ తెలిసినదే, పైరుకు వేసేది. రెండవది ఈ తరంవారు క్రమంగా మరచిపోతున్నది: తిరిగి ఇచ్చే షరతు మీద ఒకరి దగ్గర తెచ్చుకొన్న వస్తువు. పెళ్ళికి వెళుతూ పొరుగింటావిడ కాసులపేరు అడిగి తెచ్చుకొంటే అది ఎరువు సొమ్ము. అప్పు తెచ్చిన రూపాయికి మరొక రూపాయి ఇచ్చి ఋణం తీర్చవచ్చును. ఎరువు తెచ్చిన నగకు బదులుగా మరొక నగ ఇస్తామంటే కుదరదు. తెచ్చినదానినే, తెచ్చిన రూపంలోనే అప్పగించాలి. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత అందుకే పుట్టింది.

ముప్పయి ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పిల్లలకు నానార్థాలు చెప్పేటప్పుడు ఈ మాటను ప్రతి ఏడూ చెప్పేవాడిని. పరీక్షలో రెండు మార్కులు వచ్చే మాట. వ్యుత్పత్తి చర్చ ఇక్కడ పెట్టుకోను గాని, ఆ రెండర్థాలూ ఒకటేనన్న సంగతి నాకు పాఠం చెప్పినన్నాళ్ళూ తట్టలేదు. పదవీ విరమణ చేసి, పొలం గట్టున నిలబడి, ఒక పెద్ద తప్పు చేసిన తరువాత గాని తెలియరాలేదు. ఆ తప్పు సంగతే ఈ టపా.

మా ఊరు బాపట్లకు చేరువలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల చివరి భూములలో ఉన్నది. నాన్నగారి నుంచి నాకు సంక్రమించినది మూడెకరాలు. రెండెకరాలు మాగాణి, ఒక ఎకరం ఇసుక కలిసిన మెరక. నా చిన్నతనంలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే, నేల ఇంకా తడిగా ఉండగా పిల్లిపెసరో జనుమో చల్లేవారు. వరి కోసి పనలు తీసేసరికి కొయ్యకాళ్ళ మధ్య పచ్చగా మొలకలు కనిపించేవి. ఆ తేమకూ, మంచుకూ అవి పెరిగేవి. కొంత పశువులకు మేతగా పోయేది, మిగిలినది నేలలో కలిసేది. ఎండలు ముదిరేవరకూ నేల తల మీద నీడ ఉండేది. ఇవాళ ‘కవర్ క్రాప్’ అంటూ పత్రికలు వ్రాస్తున్నది దీనిని గురించే. ఆచ్ఛాదన పంట అని అనువదిస్తున్నారు. మా ఊళ్ళో దానికి అంత పెద్ద పేరు లేదు, ‘రొట్ట పైరు’ అనేవారు. (పిల్లలు పదిమందిలో ఆరుగురు ‘పచ్చిరొట్టె’ అని వ్రాసేవారు. ‘నాయనా, రొట్టె తినేది, రొట్ట తొక్కేది’ అని దిద్దేవాడిని.)

ఆ జనుముకే మరొక ఉపయోగం ఉండేది. నిలువనిచ్చిన జనుమును కోసి, నీళ్ళలో నానవేసి నార తీసేవారు. పలుపులు, పగ్గాలు, మోకులు అన్నీ ఆ నారతో పేనినవే. తెగిపోయిన పగ్గాన్ని పెంటదిబ్బ మీద పారవేస్తే మరుసటి ఏటికి అదీ ఎరువే. తరువాత ప్లాస్టిక్ తాళ్ళు వచ్చినవి. జనుము నార మానివేశారు. యూరియా బస్తా వచ్చినది. జనుము రొట్టా మానివేశారు. ఒకే మొక్క చేసే రెండు పనులను రెండు వస్తువులు వచ్చి లాగుకొన్నవి. ఆ యూరియా బస్తా కూడా గోనె కాదు, ప్లాస్టిక్ దారంతో నేసినదే.

నేను 2017లో పదవీ విరమణ చేశాను. మాగాణి కౌలుకు ఇచ్చి, మెరక ఎకరాన్ని మా కౌలుదారు సాయంతో నేనే చేయించుకొందామని సంకల్పించాను. 2018లో వంగతోట వేస్తూ, కలుపు కూలికి భయపడి, పట్నంలో ఒక దుకాణదారు చెప్పగా మల్చింగ్ షీటు తెచ్చాను. పైకి వెండి రంగు, అడుగున నలుపు. 25 మైక్రాన్ల మందం. చుట్టకు 400 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. ఒక్కొక్క చుట్ట పదకొండు కిలోలు తూగింది. ఎకరానికి ఆరు చుట్టలు పట్టినవి. అంటే 66 కిలోలు. ఈ అంకె మీరు గుర్తుంచుకోవాలి, చివరకు దీనితోనే పని ఉన్నది.

దాని గుణాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. షీటు పరచిన చోట కలుపు లేదు, ఒక్క తుంగ తప్ప. తుంగ మొలక సూదిలా షీటును పొడుచుకొని పైకి వస్తుంది. డ్రిప్పుతో ఇచ్చిన నీరు ఎండకు ఆవిరి కాలేదు. కాయ మట్టి అంటకుండా నిగనిగలాడుతూ వచ్చినది. నీటికి కటకటలాడే సీమలో దానిని నమ్ముకొని నాలుగు వేళ్ళు నోట్లోకి పోనిచ్చుకొంటున్న రైతులున్నారు. వారిని నేను తప్పు పట్టను. తప్పు పరచడంలో జరగలేదు, తీయడంలో జరిగినది.

వంగ తరువాత అదే షీటు మీద దోస వేశాము. 2019 వేసవి చివరికి రెండు కాపులు అయినవి. ఎండకు షీటు పెళుసెక్కి, పట్టుకొంటే చేతిలోనే చిరిగిపోతున్నది. అంచులు మట్టిలో కూరుకుపోయి ఉన్నవి. మా కౌలుదారు, ‘‘మాస్టారండీ, నలుగురు ఆడకూలీలను పెట్టి ఏరించి దున్నిద్దామండీ’’ అన్నాడు. నాలుగు రోజుల కూలి లెక్క వేశాను. పైగా ట్రాక్టరు ఆ రోజు దొరికినది, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ‘‘చేతికి వచ్చినంత లాగేసి తగలబెట్టు, మిగిలింది దున్నేస్తే మట్టిలో కలిసిపోతుందిలే’’ అన్నాను. ‘కలిసిపోతుంది’ అన్న క్రియను ప్రయోగించినది తెలుగు పండితుడు. కలియడం వేరు, కరగడం వేరు అని అతనికి తెలుసు. నాకే తెలియలేదు.

గట్టు మీద కుప్ప వేసి నిప్పు పెట్టారు. ఆ నల్లని పొగ రెండు గంటలు ఊరి మీదికి పోయింది. తరువాత రోటవేటరు తిరిగింది. అది మట్టిని పిండి చేసినట్లే షీటునూ వేల ముక్కలు చేసింది. తొలకరి వాన పడగానే ఆ ముక్కలు పైకి తేలినవి. ఎండలో చేను చేనంతా చేపల పొలుసులు ఆరబోసినట్లు మెరిసింది. గాలికి లేచి గట్ల మీది గడ్డిలో చిక్కుకొన్నవి, పంట బోదెలో తూము దగ్గర అడ్డుపడినవి.

2020 సంక్రాంతి వెళ్ళిన తరువాత మా కౌలుదారు పాడిగేదె మేత మానివేసి, డొక్క ఉబ్బి పడుకొన్నది. పశువైద్యుడు వచ్చి శస్త్రచికిత్స చేశాడు. గేదె బ్రతకలేదు. దాని పెద్ద పొట్టలో నుంచి తీసిన ముద్దను నేను చూశాను. కిరాణా సంచులున్నవి, తాడు ముక్కలున్నవి, పాల కవర్లున్నవి. వాటి మధ్య వేలెడు పొడవున, ఒకవైపు వెండి, ఒకవైపు నలుపు. గేదె ఆ ఒక్క ముక్కతోనే చనిపోలేదని డాక్టరు గారు నన్ను ఓదార్చారు. నిజమే కావచ్చును. కాని ఆ ముద్దలో యజమాని ఎవరో ఆనవాలు పట్టగలిగిన వస్తువు అదొక్కటే.

మరునాడు డబ్బు తీసుకొని వాళ్ళింటికి వెళ్ళాను. అతను వద్దనలేదు. కష్టజీవికి ఉత్తుత్తి మొహమాటాలు ఉండవు. లెక్క పెట్టుకొని, భార్య చేతికి ఇచ్చి, ‘‘ఈ ఎండలకు ఏరేద్దామండీ మాస్టారూ’’ అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఆ ఏరడం ఎలాంటిదో చెబుతాను. ఉదయం మంచు ఆరకముందు ముక్క మట్టికి అంటుకొని కనిపించదు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు మెరుస్తుంది. పది దాటితే కళ్ళు చికిలిస్తవి. పట్టి లాగితే సగం చేతికి వస్తుంది, సగం మట్టిలో ఉండిపోతుంది. నలుగురం నాలుగు వారాలు ఏరితే తొమ్మిది బస్తాలైనవి. ఇక దానిని ఏం చేయాలి? తగలబెట్టే పని ఒకసారి చేశాను, ఇక చేయను. పూడ్చితే మళ్ళీ మొదటికి వస్తుంది. పాత సామాన్లు కొనేవారిని పిలిపించుదామని కబురు పెట్టాను.

2020 జూన్‌లో, కరోనా లాక్‌డౌన్ సడలిన తరువాత, చిన్న ఆటో ట్రాలీ ఒకటి వచ్చి ఇంటి ముందు ఆగింది. దిగినాయనకు నలభై ఏళ్ళుంటవి. ‘‘నమస్కారమండీ మాస్టారూ, బాగున్నారాండీ?’’ అన్నాడు. గొంతు విని గుర్తుపట్టాను. పదవ తరగతి తెలుగులో రెండుసార్లు తప్పినవాడు. వాడికి ఒత్తులు పలికేవి కావు. ఒకనాడు పద్యం అప్పజెప్పలేక నిలబడితే, తరగతి అంతా వింటూ ఉండగా, ‘‘నువ్వు చిత్తుకాగితాలు ఏరుకోవడానికి తప్ప దేనికీ పనికిరావురా’’ అన్నాను. పిల్లలంతా నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ తరువాత బడికి రావడం తగ్గించాడు.

ఇప్పుడు అతనిని ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో నాకు పాలుపోలేదు. అతనే తేల్చివేశాడు. ‘‘ఏంటండీ మాస్టారూ, కొత్తగా మీరంటారు’’ అని కాటా దించాడు. ఒక బస్తా విప్పి, పిడికెడు తీసి నలిపి చూసి, నవ్వాడు. ‘‘ఇది ప్లాస్టిక్ తూకం కాదండీ, మట్టి తూకమండీ. ఇట్టా ఎవరూ తీసుకోరు. కడిగి ఆరబెట్టండి, మళ్ళీ వస్తాను.’’ కడిగి ఆరబెట్టిన తరువాత తొమ్మిది బస్తాలు రెండు బస్తాలైనవి. 14 కిలోలు. కిలో ఎనిమిది రూపాయల చొప్పున 112 రూపాయలు నా చేతిలో పెట్టాడు. నేను వద్దన్నాను. ‘‘డబ్బు తీసుకోకపోతే రేపు మీరు చెత్త కలిపి ఇచ్చినా నేను అడగలేనండీ’’ అన్నాడు. తీసుకొన్నాను.

తరువాత తరువాత అతను వచ్చినప్పుడల్లా నాకు పాఠం చెప్పాడు. పొలంలోని ప్లాస్టిక్ అంతా ఒక్కటి కాదు. షీటూ, డ్రిప్పు లేటరల్ పైపులూ ‘ఎల్‌డీ’ జాతివి. పురుగుమందు డబ్బాలు సాధారణంగా ‘హెచ్‌డీ’. ఎరువుల బస్తా ‘పీపీ’. మోటారు దగ్గరి గట్టి గొట్టం పీవీసీ. తెలియకపోతే బక్కెట్టు నీళ్ళలో వేసి చూడాలి. మొదటి మూడూ తేలుతవి, పీవీసీ మునుగుతుంది. వీటిని కలిపి కరిగిస్తే దేనికీ అతకదు, మొత్తం సరుకు చెడుతుంది. వేరు చేసి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి, దారంగా తీసి, గింజలుగా కోస్తారు. ఆ గింజలను వ్యాపారంలో ‘దానా’ అంటారు. దానాతో నల్ల పైపులో, సంచులో మళ్ళీ పోస్తారు. ‘‘అయితే మళ్ళీ మళ్ళీ ఎన్నిసార్లయినా చేయవచ్చునా?’’ అని అడిగాను. ‘‘లేదండీ, కరిగించినప్పుడల్లా సత్తువ తగ్గుద్ది. ఎండలో రెండేళ్ళున్న మీ షీటులో ముందే సత్తువ లేదు. కొత్త సరుకులో కొంచెం కొంచెం కలపాల్సిందే’’ అన్నాడు.

పురుగుమందు డబ్బాలను మాత్రం అతను బిందెలూ బక్కెట్లూ పోసే సరుకులో కలపనివ్వడు. మందు కలిపేటప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ కడుగు నీళ్ళను పిచికారీ తొట్టిలోనే పోయాలి. తరువాత డబ్బాకు మేకుతో పొడిచి, ఎవరూ నూనెకో నీళ్ళకో వాడుకోకుండా చేయాలి. మన దేశంలో 1971 నాటి క్రిమిసంహారక నియమావళి కూడా ఖాళీ డబ్బాలను మళ్ళీ వాడే వీలు లేకుండా పగులగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చాలనే చెబుతున్నది. మా ఊళ్ళో ఆ డబ్బాలను కాలువ గట్టున విసిరేవారే ఎక్కువ. ఇందులో మా ఊరు వింత కాదు. 2021లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం పంటలకూ పశుపోషణకూ ప్రపంచంలో ఏటా 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడుతున్నారు. అందులో నా వాటా 66 కిలోలు.

ఇక రొట్ట పైరు సంగతి. 2020 నుంచి మాగాణిలో జీలుగ, మెరకలో జనుము చల్లిస్తున్నాను. (జీలుగ అంటే బొమ్మలు చేసే బెండు మొక్క అనుకొనేవారున్నారు, కల్లు గీసే మన్యపు చెట్టు అనుకొనేవారున్నారు. ఒకే పేరు మూడు మొక్కలకు వాడుక అయినది. నేను చెప్పేది పచ్చిరొట్టకు వేసే జీలుగ.) తొలకరికి ఎకరానికి పన్నెండు కిలోల విత్తనం చల్లుతాము. మా కాలువ చివరి భూములలో చౌడు పొర ఉన్నది, దానిని జీలుగ తట్టుకొంటుంది. నలభై అయిదు, యాభై రోజులకు పూత మొదలవుతుంది. ఆ అదనులోనే దమ్ములో తొక్కించాలి. ఆలస్యమైతే కాండం ముదిరి కట్టె అవుతుంది, త్వరగా కుళ్ళదు. ఒక మొక్కను మెల్లగా పెరికి వేళ్ళు చూస్తే ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలుంటవి. గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. ఆ రంగు ఉంటేనే అందులోని సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నదన్న మాట. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలు పెట్టలేదు.

మన రాష్ట్రంలో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో మరొక పద్ధతి ప్రచారానికి వచ్చింది. తొలకరికి ముందే, ఎండిన నేలలోనే, పప్పు జాతులూ చిరుధాన్యాలూ నూనెగింజలూ కలిపి విత్తనాలకు మట్టి పూత పూసి చల్లుతారు. నవధాన్యాలంటారు గాని తొమ్మిదికి మించే ఉంటవి. నేల సంవత్సరం పొడుగునా బోసిగా ఉండకూడదన్నది దాని సారం. మెరకలో రెండేళ్ళు అదీ చేశాను. అంతా సవ్యంగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. 2023లో వానలు మొహం చాటేసినవి. ఆ ఏడాది ఆగస్టు 1901 తరువాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. నా జనుము మోకాలెత్తు కూడా ఎదగలేదు. ఉన్న నాలుగాకులనూ గొంగళిపురుగు నమిలింది. ఆ డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి పనలు నీళ్ళలో తేలినవి. నీళ్ళు తీసిన తరువాత చూస్తే మా చేలో మూడేళ్ళుగా ఏరినదానికంటె ఎక్కువ ప్లాస్టిక్ ఉన్నది. అది మాది కాదు, పైనున్న ఊళ్ళన్నిటిదీ. కాలువ చివరి భూమికి నీరు ఆఖరున వస్తుంది, చెత్త మాత్రం అంతా వస్తుంది. ఆ రోజు చేలో నిలబడి విసుక్కోబోయి, మా బోదె నీళ్ళు కూడా మరొకరి చేలోకే పోతున్నవని గుర్తు వచ్చి ఊరుకొన్నాను.

ఇప్పుడు వంగకు షీటు పరచడం లేదు. జనుమును పూతకు ముందే కోసి అక్కడే చాళ్ళ మధ్య పరచి, సందున నారు నాటిస్తున్నాను. షీటు ఆపినంతగా అది కలుపును ఆపదు, నిజం. నెలన్నరకు చీకి పలుచబడుతుంది. అప్పుడు ఒక కలుపు తీయించాలి. ఆ కూలి ఖర్చును మా కౌలుదారుతో కలిసి చెరి సగం పెట్టుకొంటున్నాము. ఆనాడు నేను మిగుల్చుకొన్న నాలుగు రోజుల కూలికంటె ఇప్పటికి ఎన్నో రెట్లు పెట్టి ఉంటాను. కాని పరచినదానిని ఏరే పని లేదు. నేల దగ్గర తెచ్చినదానిని నేలే తీసుకొంటున్నది.

నా దగ్గర ఒక పాత హాజరుపట్టీ ఉన్నది. అందులో ఈ పద్దు వ్రాస్తున్నాను. తెచ్చినది 66 కిలోలు. తిరిగి తీసినది 2020లో 14, 2021లో 6.5, 2022లో 3, 2023లో 2, 2024లో 1.25, 2025లో ముప్పాతిక కిలో. (తుపాను తెచ్చినదానిని ఈ పద్దులో కలపలేదు.) మొత్తం 27.5 కిలోలు. ‘తగలబెట్టినది’ అన్న గడి ఎదుట అంకె లేదు. ఆ రోజు తూచలేదు కదా! కనుక ఇంకా ఎంత మట్టిలో ఉన్నదో లెక్క తేలదు. ఏటేటా దొరికేది తగ్గుతున్నదంటే చేను శుభ్రపడుతున్నదని మా ఇంట్లో వాళ్ళ సంతోషం. ముక్కలు కంటికి ఆననంత చిన్నవి అవుతున్నవేమోనని నా దిగులు.

మరొక పద్దు కూడా ఉన్నది, దానిని ఏ పట్టీలోనూ వ్రాయలేదు. 2025లో జీలుగ తొక్కించిన వారం నా పాత విద్యార్థి వచ్చినప్పుడు, కాఫీ ఇచ్చి, ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న మాట అడిగాను. ‘‘ఏమయ్యా, తరగతిలో నిన్నొక మాట అన్నాను. గుర్తున్నదా?’’ అతను కాటా ముల్లు సరిచేసుకొంటూ, ‘‘మాస్టార్లు చాలా అంటారండీ. అన్నీ గుర్తు పెట్టుకుంటే పనెట్టా సాగుద్దండీ’’ అన్నాడు. గుర్తున్నదనలేదు, లేదనలేదు. నేను తప్పయిందన్నాను. అతను తల ఊపి, ముప్పాతిక కిలోకు ఆరు రూపాయలు లెక్క కట్టి ఇచ్చాడు. అన్న మాటను వెనక్కు తీసుకోవడం పండితులకు కూడా సాధ్యం కాదు. ఏరుకొంటూ ఉండడమే.

అతను వెళ్ళిన సాయంత్రం మెరకలో తిరుగుతూ ఉంటే జనుము మొదట్లో అరచేతి వెడల్పు షీటు ముక్క ఒకటి కనిపించింది. ఒక వేరు దానిని చీల్చుకొని కిందికి పోయింది. వేరు తెగకుండా ముక్కను తీయడానికి చాలాసేపు పట్టింది. మట్టి దులిపి జేబులో వేసుకొన్నాను. వచ్చే ఏటి పద్దుకు అదే తొలి జమ.

మిత్రులకు ఒక మనవి. మీ ప్రాంతాలలో ‘ఎరువు’ను తిరిగి ఇచ్చే వస్తువు అన్న అర్థంలో ఇంకా వాడుతున్నారా? రొట్ట పైరుకు మీ ఊళ్ళో ఏ పేరున్నది? తెలిసినవారు వ్రాస్తే సంతోషిస్తాను.